ఊజి ఈగపై వదిలే కందిరీగలకు ముందు తేనె పెట్టండి



చెన్నై టి. నగర్ దుకాణంలో పట్టుచీర కొనేవారు ముందుగా పోగు నునుపు చూస్తారు. గూటి నుండి దారం తెగకుండా వస్తేనే ఆ నునుపు. ఊజి పురుగు తొలుచుకుని బయటపడిన గూడు మాత్రం రీలింగుకు పనికిరాదు. 1980లో బెంగాల్ వైపు నుండి కర్ణాటకలోకి వచ్చిన ఈ ఈగ, ఆ తరువాత మన సరిహద్దు పల్లెలకూ పాకింది.

ఊజిని అదుపు చేసే మిత్ర కీటకం నెసోలింక్స్ థైమస్ అనే చిన్న కందిరీగ. ఇది ఊజి ప్యూపాలో గుడ్లు పెడుతుంది. పుట్టిన పిల్లలు ఆ ప్యూపానే తిని పెరుగుతాయి. పట్టుపురుగు జోలికి పోదు.

ఈ కందిరీగలు సంచులలో వస్తాయి. చాలామంది సంచిని తెచ్చి రెండు రోజులు మూల పడేస్తారు. ఈలోగా బయటకొచ్చిన కందిరీగలు తిండి లేక నీరసిస్తాయి. నీరసించిన ఆడ కందిరీగ ఎక్కువ రోజులు బతకదు, ఊజి ప్యూపాను వెతుక్కుంటూ తిరగలేదు. గుడ్లు పెట్టకముందే అది చస్తే మీ డబ్బు వృథా.

కాబట్టి వదిలే ముందు తేనె పెట్టండి. మంచి తేనె ఒక పాలు, కాచి చల్లార్చిన నీరు ఒక పాలు కలపండి. చీపురు పుల్ల ముంచి సంచి వలపై సన్నని గీతలుగా రాయండి. బొట్లు బొట్లుగా పోయకండి, కందిరీగలు అంటుకుని చస్తాయి. బెల్లం పానకం వద్దు, పులిసిపోతుంది. తేనెకు చీమలు రాక మానవు కనుక, వేలాడదీసే దారానికి గ్రీజు పూయండి. తేనె మల్బరీ ఆకుపై పడనివ్వకండి.

నాలుగవ జ్వరం తీరిన రెండవ రోజు, 100 గుడ్ల పెంపకానికి రెండు సంచుల చొప్పున, రాత్రిపూట పెంపకపు గదిలో ఉంచండి. ఆ గదిలో పురుగుమందు చల్లారంటే ఎంత తేనె పెట్టినా ఫలితముండదు.

మిత్ర కీటకాలపై అనుమానమున్నవారికి ఒక్క మాట. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో కనబడిన బొప్పాయి పిండినల్లి తమిళనాడులో మల్బరీ తోటలను దెబ్బతీసింది. 2010లో తెచ్చి వదిలిన అసెరోఫేగస్ పపాయే అనే కందిరీగే దానిని అణచింది.

గూళ్లు కోసిన తరువాత సంచులను పారవేయకండి. ఊజి పురుగులు చెత్తతో పాటు ఎరువు గుంటకు చేరి, అక్కడి మట్టిలో ప్యూపాలవుతాయి. సంచులను ఆ గుంట దగ్గర, ఎండ, వాన తగలని చోట కట్టండి. మళ్లీ ఒకసారి తేనె గీయండి.