ఓట్స్ రొట్టె ఉండగా ఖాళీ కడుపెందుకు?

తెల్లవారుజామున దక్షిణాన సుహైల్ చుక్క కనిపించిందంటే ఎండల పొగరు దిగుతున్నట్టేనని గల్ఫ్‌లో అరబ్బులు చెప్పుకుంటారు. ఏటా ఆగస్టు 24 ప్రాంతంలో ఇక్కడ కనిపించే ఆ చుక్కే మన పెద్దలు చెప్పే అగస్త్య నక్షత్రం. మరో మూడు వారాలు గడిస్తే సెప్టెంబర్ 15తో యూఏఈలో మధ్యాహ్న విరామం కూడా అయిపోతుంది. 2005లో మొదలైన ఈ నిబంధన ప్రకారం ఇప్పుడు జూన్ 15 నుంచి మూడు నెలలపాటు పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదు. ఆ గడువు దాటిందా, ఇక సైట్లలో పని ఊపందుకున్నట్టే. ఊళ్ళో దసరా, దీపావళి సందడి. ఇక్కడ మనకు స్లాబుల సందడి.

చల్లబడేకొద్దీ ఆకలి కూడా తిరిగొస్తుంది. వేసవంతా మజ్జిగ, నీళ్ళతోనే సరిపెట్టుకున్నవాళ్ళం కూడా అక్టోబర్ వచ్చేసరికి రెండు ముద్దలు ఎక్కువే తింటాం. కాకపోతే అది మధ్యాహ్నం మాట. పొద్దున మాత్రం పాత కథే. నాలుగింటికి లేవడం, బాత్రూం దగ్గర వరసలో నిలబడడం, అయిదింటికల్లా బస్సెక్కడం. రాత్రి వండిన అన్నం, కూర డబ్బాలో సర్దుకోవడానికే టైం చాలదు. ఇక టిఫిన్ ఎక్కడ? సైటు గేటు దగ్గర ఓ కరక్ చాయ్, రెండు బిస్కెట్లు, మహా అయితే ఓ పరాటా. చాలామంది ఆ చాయ్‌తోనే నిచ్చెన ఎక్కేస్తున్నారు.

మాత్ర వేసుకుని, తినకుండా...

మేము షార్జాలో ఒక ఫ్లాటులో ఎనిమిది మందిమి ఉంటాం. ఒకరిద్దరం పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి సూపర్‌వైజర్లుగా వచ్చినవాళ్ళం. మిగతావాళ్ళు తాపీ మేస్త్రీలు, స్టీల్ ఫిక్సర్లు, షట్టరింగ్ కార్పెంటర్లు. జగిత్యాల, నిజామాబాద్, కడప... అందరిదీ తలో ఊరు.

కిందటేడు అక్టోబర్‌లో జగిత్యాల వైపు మేస్త్రీ ఒకాయన స్కాఫోల్డింగ్ మీద ప్లాస్టరింగ్ చేస్తూ తూలిపోయాడు. ఆయనకు సుగర్ ఉంది. పొద్దున్నే మాత్ర వేసుకున్నాడు గానీ, బస్సు తప్పిపోతుందని ఏమీ తినలేదు. తొమ్మిదింటికి ఒళ్ళంతా చెమటలు. ఎండకేమోలే అనుకున్నాడు. బెల్టు హుక్కు తగిలించి ఉంది కాబట్టి సరిపోయింది. పక్కనున్న కుర్రాడు చూసి, ఇంకో ఇద్దరి సాయంతో కిందికి దించి పంచదార నీళ్ళు తాగించాడు. పావుగంటలో మనిషి తేరుకున్నాడు. తేరుకోగానే ఆయనన్న మొదటి మాట: "ఇంటికాడ ఎవ్వలకు చెప్పకుండ్రి తమ్మీ, బిడ్డ పెండ్లి దగ్గరికొచ్చింది."

సుగర్ మాత్రల్లో కొన్ని రకాలు, ఇన్సులిన్ తీసుకుని తిండి మానేస్తే రక్తంలో చక్కెర బాగా పడిపోతుంది. చెమట, వణుకు, కళ్ళు తిరగడం, మాట తడబడడం దాని గుర్తులు. సైటులో చెమట పట్టడం మామూలే కాబట్టి అసలు సంగతి పోల్చుకోవడం కష్టం. రోజూ టూల్‌బాక్స్ టాక్‌లో హెల్మెట్ గురించి, బెల్టు గురించి, షూ గురించి చెప్పుకుంటాం. పొద్దున ఏం తిన్నావని అడిగేవాళ్ళు లేరు. ఆ రోజు నుంచి మా ఫ్లాటులో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. సుగర్ ఉన్నా లేకపోయినా ఎవరూ ఖాళీ కడుపుతో పనెక్కకూడదు.

అనుకోవడం వరకూ బాగానే ఉంది. మరి తినేదేమిటి? ఉప్మా అయితే నాలుగింటికే లేచి చెయ్యాలి. ఇడ్లీకి పిండి రుబ్బేదెవరు? ఓట్స్ జావ కాస్తే బస్సు కుదుపులకు సగం ప్యాంటు మీదే. ముందురోజు రాత్రే చేసిపెట్టుకునేది, చేత్తో పట్టుకుని తినగలిగేది, మధ్యాహ్నం దాకా కడుపులో నిలిచేది కావాలి. అలా మాకు కుదిరిందే బేక్డ్ ఓట్‌మీల్. మా ఫ్లాటులో దాని పేరు ఓట్స్ రొట్టె.

అమెరికా వంట, అరబ్బు రుచి

ఓట్స్ అనగానే మనవాళ్ళు రోగుల తిండి అనో, గుర్రాల దాణా అనో నవ్వుతారు. అమెరికాలో ఆకులు రాలే కాలంలో, అంటే సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా, ఇది చాలామందికి పొద్దుటి పలహారం. అప్పుడే ఆపిల్, గుమ్మడి చేతికొస్తాయి. ఓట్స్‌లో పాలు, గుడ్లు పోసి, ఆపిల్ ముక్కలో గుమ్మడి గుజ్జో వేసి, దాల్చినచెక్క, జాజికాయ పొడి చల్లి ఓవెన్‌లో కాలుస్తారు. పెన్సిల్వేనియా వైపు ఆమిష్ వాళ్ళ వంటగా దీనికి పేరు. నోటికి తగిలేది ఆపిల్ పై లాంటి మిఠాయి రుచి, కడుపులోకి పోయేది ధాన్యం. మన గోదావరి జిల్లాల దిబ్బరొట్టె కూడా ఈ దారిదే. మందపాటి గిన్నెలో పిండి పోసి, కింద సన్నటి సెగ, మూత మీద నిప్పులు పెట్టి కాల్చేవారు కదా!

గల్ఫ్‌లో ఈ కాలానికి దొరికేది ఖర్జూరం. వేసవిలో మెత్తటి రుతబ్ వస్తుంది. సెప్టెంబర్, అక్టోబర్‌కల్లా బాగా పండి ఆరిన కొత్త పంట బకాలాల్లోకి దిగుతుంది. ఖలాస్, లూలూ, ఫర్ద్... ఏ రకమైనా పనికొస్తుంది. ఇక రుచికి మేము పట్టుకున్నది ఉమ్ అలీని. ఇది ఈజిప్టు మిఠాయి. పేస్ట్రీ ముక్కల మీద పాలు, చక్కెర పోసి, బాదం, పిస్తా, ఎండుద్రాక్ష, కొబ్బరి వేసి ఓవెన్‌లో కాలుస్తారు. పేస్ట్రీ తీసేసి ఓట్స్ వేశాం, చక్కెర తీసేసి ఖర్జూరం వేశాం. అంతే!

కావలసినవి (ఎనిమిది ముక్కలకు)

ఓట్స్ 300 గ్రాములు, పాలు 600 మిల్లీలీటర్లు, గుడ్లు 2, బాగా మాగిన అరటిపళ్ళు 2, గింజ తీసిన ఖర్జూరాలు 120 గ్రాములు, బాదం లేదా పిస్తా లేదా వేయించిన పల్లీలు గుప్పెడు (60 గ్రాములు), ఎండుకొబ్బరి పొడి 3 టేబుల్ స్పూన్లు, నెయ్యి 2 టేబుల్ స్పూన్లు, ఏలకులు 5, దాల్చినచెక్క పొడి ఒక టీ స్పూను, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీ స్పూను, ఉప్పు అర టీ స్పూను. గుడ్డు తిననివాళ్ళు మూడో అరటిపండు వేసుకోవచ్చు, ముక్క కాస్త మెత్తగా వస్తుంది. మసాలా కలిపిన ఓట్స్ ప్యాకెట్లు దీనికి పనికిరావు. త్వరగా ఉడికే సన్న రకం ఓట్స్ అయితే పాలు అర కప్పు తగ్గించాలి.

తయారీ విధానం

ముందుగా పాలు కాస్త వేడి చేసి, ఖర్జూరాలు తుంచి అందులో అరగంట నానబెట్టాలి. తర్వాత గరిటెతో మెదిపితే పాలు లేత గోధుమ రంగుకు వస్తాయి. ఇందులోనే అరటిపళ్ళు చిదిమి, పాలు బాగా చల్లారాక గుడ్లు కొట్టి గిలకొట్టాలి. వేడి మీద వేస్తే గుడ్డు విరిగిపోతుంది. వేరే గిన్నెలో ఓట్స్, బేకింగ్ పౌడర్, ఉప్పు, దాల్చినచెక్క, ఏలకుల పొడి, సగం పప్పులు కలపాలి. పాల మిశ్రమం ఇందులో పోసి, సగం నెయ్యి వేసి, పది నిమిషాలు వదిలెయ్యాలి. మిగతా నెయ్యి ట్రేకి రాసి మిశ్రమం పోసి, పైన కొబ్బరి పొడి, మిగిలిన పప్పులు చల్లాలి. తొమ్మిది అంగుళాల చదరపు ట్రే, రెండంగుళాల లోతుది అయితే సరిగ్గా సరిపోతుంది.

మన ఫ్లాట్లలో గ్యాస్ రేంజి కింద ఓవెన్ ఉంటుంది. చాలాచోట్ల అది మూకుళ్ళు, గిన్నెలు దాచుకునే అలమరా! వాటిని బయటపెట్టి, పది నిమిషాలు ముందే వెలిగించి, 180 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు ఉంచాలి. నడిమధ్య చాకు గుచ్చితే పచ్చి పిండి అంటకూడదు. బాగా చల్లారాకే కొయ్యాలి. వేడిగా కోస్తే పొడిపొడి అవుతుంది, ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచితే గట్టిపడి ముక్కలు తిన్నగా వస్తాయి.

ఓవెన్ లేకపోతే

కుక్కరుంటే చాలు. పైన చెప్పిన దాంట్లో సగం కొలతలు తీసుకోవాలి. కుక్కర్ మూతకున్న గ్యాస్కెట్, విజిల్ రెండూ తప్పకుండా తీసెయ్యాలి. అడుగున రెండు కప్పుల ఉప్పు పరిచి, దానిమీద స్టాండు పెట్టి, పది నిమిషాలు మధ్యస్థంగా వేడి చెయ్యాలి. నీళ్ళు పొయ్యకూడదు. ఓట్స్ గిన్నె లోపల పెట్టి, మూత పెట్టి, సన్నటి మంట మీద 45 నుంచి 55 నిమిషాలు ఉంచాలి. ఆ ఉప్పును చల్లారాక డబ్బాలో పోసి, మళ్ళీ ఇదే పనికి వాడుకోవచ్చు. కూరల్లోకి మాత్రం వద్దు. ఇంకో మాట. ఇదంతా వంటగదిలోనే. పడుకునే గదిలో మంచాల మధ్య హాట్ ప్లేటు పెట్టి ఎవరూ ప్రయత్నించొద్దు.

సుగర్ ఉన్నవాళ్ళు ఇది చూడండి

మా లెక్క ప్రకారం ఒక ముక్కలో సుమారు 350 కేలరీలు, 10 గ్రాముల ప్రొటీన్, 6 గ్రాముల పీచు ఉంటాయి. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు ఉంది. అది తిన్నది మెల్లగా అరిగేలా చూస్తుంది, చెడు కొలెస్ట్రాల్ తగ్గిస్తుంది. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ గుండెజబ్బు ముప్పు తగ్గించగలదని ఓట్స్ ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లోనే అనుమతించింది. అందులో సుమారు సగం ఈ ఒక్క ముక్కలోనే వస్తుంది.

అలాగని ఖర్జూరం తీపి తీపి కాదనుకోవద్దు. ఖర్జూరంలో మూడింట రెండొంతుల దాకా చక్కెరే. సుగర్ ఉన్నవాళ్ళు ఖర్జూరం సగానికి తగ్గించి, అరటిపండు ఒకటే వేసి, ఆ లోటుకు పల్లీలు పెంచుకోవాలి. ఒక ముక్కతో ఆపాలి. దానితోపాటు చక్కెర దండిగా పోసిన కరక్ తాగితే చేసిందంతా దండగే, సులేమానీ మేలు. మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, ఎంత వేసుకోవాలి అన్నది డాక్టరునే అడగాలి.

ఒకవేళ కళ్ళు తిరిగి చెమటలు పడితే అప్పుడు ఈ రొట్టె మందు కాదు, ఇది అరగడానికి టైం పడుతుంది. ముందు మనిషిని జాగ్రత్తగా కిందికి దించి, స్పృహలో ఉంటే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి గానీ, అర గ్లాసు పళ్ళరసం గానీ తాగించాలి. పావుగంటకు తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా అంబులెన్సు పిలవాలి. తేరుకున్నాక పెట్టాల్సింది ఈ ముక్క.

ఖర్చెంత? దాచేదెలా?

ఎనిమిది మందిమి పంచుకుంటే ఒక్కో ముక్కకు రెండు, మూడు దిర్హాముల మధ్య పడుతోంది. గేటు దగ్గర చాయ్, పరాటా ఖర్చూ ఇంచుమించు అంతే. వారానికి రెండుసార్లు ట్రే పెడతాం, వంతులవారీగా ఇద్దరిద్దరం. ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులు ఉంటుంది. పొద్దున ముక్కను ఫాయిల్‌లో చుట్టి జేబులో వేసుకుని బస్సెక్కడమే. పాలు, గుడ్డు ఉన్న వస్తువు, పైగా అక్టోబర్‌లోనూ ఇక్కడ పగలు 35 డిగ్రీలు ఉంటుంది. అందుకే బస్సులోనో, సైటుకు చేరగానేనో తినెయ్యాలి. టీ బ్రేకు దాకా దాచుకోవద్దు.

అమెరికా, ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ళు ఖర్జూరానికి బదులు ఇప్పుడు దొరికే ఆపిల్‌ను తురిమి వేసుకోవచ్చు. ఆపిల్‌లో తడి ఎక్కువ కాబట్టి పాలు ఒక అర కప్పు తగ్గించండి.

మా జగిత్యాల అన్నకు మొదట్లో ఇది గొంతు దిగలేదు. జొన్న గటక ముందు ఇదెంత అనేవాడు. ఇప్పుడు ఆయన వంతు వస్తే పల్లీలు రెండు గుప్పెళ్ళు వేసి మరీ చేస్తున్నాడు. కిందటి నెల్లో బిడ్డ పెండ్లి చేసి తిరిగొచ్చాడు. మీ క్యాంపులో, మీ గదిలో సుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు ఎవరున్నారో ముందు కనుక్కోండి. ఈ వారం సెలవు రోజు సాయంత్రం ఒక ట్రే పెట్టండి. మర్నాడు బస్సెక్కగానే మొదటి ముక్క వాళ్ళ చేతిలో పెట్టండి.