కారు అద్దంపై మంచు గడ్డకడితే

సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఊటీలో డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు పచ్చికపైనా, ఆరుబయట నిలిపిన వాహనాలపైనా తెల్లని మంచు గడ్డకడుతుంది. కోలారు, హోసూరు ప్రాంతాల నుంచి కార్లలో అక్కడికి వెళ్ళే తెలుగు కుటుంబాలకు ఇది కొత్త అనుభవం. తెల్లవారగానే బయలుదేరాలన్న తొందరలో అద్దంపై వేడినీళ్ళు పోయాలనిపిస్తుంది. అది చేయరాని పని.

మబ్బులేని, గాలి కదలని రాత్రి అద్దం తనలోని వేడిని ఆకాశంలోకి వదిలి చుట్టూ ఉన్న గాలికంటె ఎక్కువగా చల్లబడుతుంది. అందువల్ల గాలి ఉష్ణోగ్రత 2, 3 డిగ్రీలు ఉన్నప్పటికీ అద్దంపై మంచు ఏర్పడవచ్చు. అటువంటి అద్దంపై వేడినీళ్ళు పడితే పైభాగం ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, లోపలిభాగం చల్లగానే ఉంటుంది. ఆ ఒత్తిడికి, ఎప్పుడో రాయి తగిలి ఏర్పడిన చిన్న బీట సైతం అద్దమంతటా పాకవచ్చు. పైగా పోసిన నీరు తిరిగి గడ్డకట్టే అవకాశమూ ఉంది.

సరైన పద్ధతి నిదానమైనది. ముందుగా ఇంజను నడిపించి, గాలిని ముందు అద్దం వైపు మళ్ళించి, వేడిని క్రమంగా పెంచాలి. షెడ్డులో తలుపులు మూసి ఇంజను నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. మంచు వదులైన పిమ్మట ప్లాస్టిక్ పలకతో పైనుంచి కిందికి గీకాలి. కత్తి, ఇనుపరేకు వాడితే గీతలు పడతాయి. అద్దానికి అతుక్కున్న వైపర్లను బలవంతంగా తిప్పితే రబ్బరు చిరుగుతుంది, మోటారు దెబ్బతింటుంది.

లోపలివైపు పట్టిన ఆవిరి వేరు. అది మనుషుల శ్వాసలోని తేమ. బయటి గాలిని లోనికి రానిచ్చి, వేడిగాలితోపాటు ఏసీ కూడా వేస్తే ఆ తేమ తొలగుతుంది.

రాత్రే అద్దంపై మందపాటి గుడ్డగాని, టార్పాలిన్‌గాని కప్పితే ఉదయం శ్రమ తప్పుతుంది. కారు ముందుభాగాన్ని తూర్పుముఖంగా నిలపడమూ మేలే.

అరచేయంత మేర మాత్రమే తుడిచి బండి కదిలించడం అన్నింటికంటె పెద్ద పొరపాటు. ఘాటు మలుపులో ఎదురెండ తగలగానే మిగిలిన మంచు తెల్లగా మెరిసి దారిని కప్పివేస్తుంది. పక్కనుంచి వచ్చే మనిషిగాని, పశువుగాని కనబడదు. అద్దాలన్నీ పూర్తిగా తేటపడేవరకు ఆగే పది నిమిషాలు ప్రయాణంలో భాగమేనని చక్రం పట్టినవారు గ్రహించాలి.