సముద్ర ఉష్ణోగ్రతా భేదం నుంచి విద్యుత్తు, మంచినీరు: కవరత్తి అనుభవం

1. ప్రస్తావన:
ఉష్ణమండల సముద్రాల ఉపరితల జలం సుమారు 28 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనంతో ఉంటుంది. 1,000 మీటర్ల లోతున అది 10 డిగ్రీలకు లోబడి ఉంటుంది. ఈ భేదం నుంచి శక్తిని రాబట్టవచ్చని ఫ్రెంచి శాస్త్రవేత్త దార్సన్వాల్ 1881లో ప్రతిపాదించారు. ఈ భేదం విద్యుత్తు కంటె ముందుగా మంచినీటికి ఎందుకు అక్కరకు వచ్చిందో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. విద్యుదుత్పత్తి – పరిమితులు:
అమ్మోనియా వంటి ద్రవం ఉపరితల జలపు వేడికి ఆవిరై టర్బైనును తిప్పుతుంది. లోతు నుంచి తోడిన చల్లని నీరు ఆ ఆవిరిని మళ్లీ ద్రవంగా మారుస్తుంది. ఇంధనం అక్కరలేదు. అయితే 28, 8 డిగ్రీల మధ్య పనిచేసే ఏ ఉష్ణయంత్రానికైనా గరిష్ఠ సామర్థ్యం సిద్ధాంతరీత్యా 7 శాతానికి మించదు. కనుక కొద్దిపాటి విద్యుత్తుకు సైతం అపారమైన నీటిని తోడవలసి ఉంటుంది. 1930లో జార్జ్ క్లాడ్ క్యూబాలోని మతాంజాస్ వద్ద 22 కిలోవాట్లు ఉత్పత్తి చేశారు. కాని యంత్రాలను నడపడానికి అంతకంటె ఎక్కువే ఖర్చయింది. గొట్టం మరొక సమస్య. తూత్తుకుడి తీరాన తలపెట్టిన 1 మెగావాట్ ‘సాగర్ శక్తి’ కేంద్రం, పొడవైన గొట్టాన్ని లోతుకు దించడం సాధ్యపడక నిలిచిపోయింది.

3. మంచినీరు – కవరత్తి:
లక్షద్వీప్‌లోని కవరత్తి పగడపు దీవి. అక్కడ నదులు లేవు. ఉప్పునీటిపై పలుచని పొరగా నిలిచిన భూగర్భజలమే ఆధారం. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో అక్కడ రోజుకు 1 లక్ష లీటర్ల కేంద్రాన్ని నెలకొల్పింది. పీడనం తగ్గితే నీరు తక్కువ ఉష్ణోగ్రతకే మరుగుతుంది. గాలి తీసివేసిన గదిలోకి ఉపరితల జలాన్ని వదిలితే, అది 6 డిగ్రీలు చల్లబడే సరికి దానిలో ఇంచుమించు 1 శాతం ఆవిరవుతుంది. ఉప్పు వెనుకనే మిగిలిపోతుంది. సుమారు 350 మీటర్ల లోతు నుంచి తెచ్చిన చల్లని నీరు ఆ ఆవిరిని మంచినీరుగా మారుస్తుంది. ఇక్కడ టర్బైను తిప్పనక్కరలేదు కనుక స్వల్ప భేదమే చాలింది; గొట్టమూ పొట్టిదైంది.

4. ముగింపు:
అయినా పంపులకు విద్యుత్తు కావాలి. దీవికి అది ప్రధానంగా ఓడలపై వచ్చే డీజిల్ నుంచి లభిస్తున్నది. డీజిల్ ఆగితే తాగునీరూ ఆగుతుంది. ఆ ముడి విప్పడానికే కవరత్తిలో సముద్ర ఉష్ణశక్తితో నడిచే నిర్లవణీకరణ కేంద్ర నిర్మాణాన్ని చేపట్టారు. దాని విజయాన్ని ఉత్పత్తి చేసిన మొత్తం కిలోవాట్లను బట్టి కాక, డీజిల్ తోడ్పాటు లేకుండా అందించిన మంచినీటిని బట్టి అంచనా వేయడం సముచితం.