పటాన్‌చెరులో స్వేచ్ఛా మార్కెట్: అపోహలు – వాస్తవాలు

అపోహ: స్వేచ్ఛా మార్కెట్ అంటే ప్రభుత్వమే ఉండకూడదనడం.

వాస్తవం: దేశరక్షణ, న్యాయపాలన, ఏ వ్యాపారికీ గిట్టుబాటు కాని ప్రజోపయోగ నిర్మాణాలు ప్రభుత్వ బాధ్యతలేనని ఆడం స్మిత్ 1776లోనే రాశాడు. స్వేచ్ఛా మార్కెట్ సిద్ధాంతం తప్పుపట్టేది మరో రకం జోక్యాన్ని: ఏ సరుకు ఎవరు, ఎంత తయారు చెయ్యాలో అధికారులు నిర్ణయించడాన్ని. మన దేశంలో 1951 నాటి పరిశ్రమల చట్టం కింద పెద్ద ఫ్యాక్టరీ పెట్టడానికే కాదు, దాని ఉత్పత్తి పెంచుకోవడానికీ లైసెన్సు కావలసి వచ్చేది. 1991 జులైలో చాలా పరిశ్రమలకు ఆ అవసరం తప్పింది. మందుల పరిశ్రమకు ఆ వెసులుబాటు మరింత ఆలస్యంగా దక్కింది.

అపోహ: పటాన్‌చెరు, బొల్లారం మందుల కంపెనీలు పూర్తిగా ప్రభుత్వ సృష్టి.

వాస్తవం: ఇందులో సగం నిజముంది. బాలానగర్‌లోని ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్ ఎందరో రసాయన నిపుణులకు పని నేర్పింది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. అయితే ఐడీపీఎల్ 1992లో ఖాయిలా పడగా, అక్కడి విద్యను ప్రపంచ మార్కెట్‌కు చేర్చినవి ప్రైవేటు కంపెనీలు. 1970 పేటెంట్ల చట్టం పాత్రా పెద్దదే. మందు మీద కాకుండా తయారీ పద్ధతి మీద మాత్రమే పేటెంటు ఇవ్వడంతో, అదే మందును వేరే దారిలో చౌకగా చేసేవారికి తలుపు తెరుచుకుంది. పేటెంటు ప్రభుత్వం ఇచ్చే గుత్తహక్కు. ఆ హక్కును పరిమితం చేస్తేనే ఇక్కడ పోటీ పుట్టింది.

అపోహ: కంపెనీలకు రాయితీలివ్వడమంటే మార్కెట్‌ను బలపరచడమే.

వాస్తవం: ఒకరికి చౌకగా ఇచ్చిన భూమి భారం పోటీదారుల మీద, పన్ను కట్టేవారి మీద పడుతుంది. అనుమతులకు గడువు పెట్టిన 2014 నాటి టీఎస్-ఐపాస్ చట్టం దారి వేరు. ఆ గడువు దరఖాస్తు చేసిన ప్రతివారికీ వర్తిస్తుంది.

అపోహ: నక్కవాగు కాలుష్యానికి కారణం అదుపులేని మార్కెట్.

వాస్తవం: పారిశ్రామికవాడలు వేసింది ప్రభుత్వం, అనుమతులిచ్చిందీ ప్రభుత్వమే. వాగు నీటి మీద ఆధారపడిన రైతుల హక్కును మాత్రం ఎవరూ కాపాడలేదు. ఇతరుల పొలం పాడుచేసినవాడు పరిహారం కట్టకుండా తప్పించుకోగలిగితే అది మార్కెట్ కాదు, దోపిడీ. ఈ ప్రాంత కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు ఏళ్లతరబడి సాగింది. ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చాక కూడా సమస్య తీరలేదు. అక్కడినుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు.

హక్కులు స్పష్టంగా ఉండి, బేరానికి పెద్ద ఖర్చు లేకపోతే ఇరుపక్షాలే ఒప్పందానికి రాగలవన్నది ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్ 1960లో చేసిన వాదన. కానీ పదుల కొద్దీ ఫ్యాక్టరీల వ్యర్థాలు ఒకే వాగులో కలిసినచోట ఏ విషం ఎవరిదో రైతు రుజువు చెయ్యలేడు. కాబట్టి ప్రతి గొట్టం దగ్గరా కొలత, కొలిచిన లెక్క బహిరంగంగా ఉంచడం, నష్టానికి కంపెనీవారీగా పరిహారం కట్టించడం ప్రభుత్వం చెయ్యక తప్పని పనులు.