నాంపల్లి స్టేషన్ ఎదుటి సరాయి

మా ఇల్లు గౌలిపురాలో. అమ్మమ్మ వాళ్లది తాండూరు వైపు పల్లె. ఆ వైపు నుంచి హైకోర్టు వాయిదాకో, ఉస్మానియా దవాఖానకో వచ్చినవాళ్లు పొద్దుపోయాక నాంపల్లిలో రైలు దిగితే, చీకట్లో పాతబస్తీ దాకా రాలేక ఎదుటి సరాయిలోనే నడుం వాల్చేవారట. ఎవరింటికీ భారం కాకుండా రాత్రి గడిచిపోయేదని అమ్మమ్మ ఎంతో తృప్తిగా చెప్పేది.

సరాయి మన ఊరికి కొత్త కాదు. పురానాపూల్ దగ్గర 1678లో కట్టిన మియాఁ మిష్క్ మసీదుకు వెళ్లి చూడండి. ఆవరణ చుట్టూ వరుసగా గదులు కనిపిస్తాయి. గోల్కొండ దారిన వచ్చే బాటసారుల కోసం కట్టినవి అవి. షేక్‌పేట సరాయిలో అయితే మనుషులతో పాటు గుర్రాలకూ ఒంటెలకూ చోటుండేది.

వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు వచ్చింది. దాంతో బాటసారి కాస్తా ప్రయాణికుడయ్యాడు, గుర్రాన్ని కట్టేసే పని తప్పింది. తల దాచుకునే చోటు మాత్రం అప్పుడూ కావాలి. అజంతా, ఎల్లోరా చూడవచ్చే దొరల కోసం నిజాం రైల్వే ఔరంగాబాద్‌లో హోటల్ నడిపింది. మూటా ముల్లె నెత్తిన పెట్టుకుని మూడో తరగతి పెట్టె దిగే మనిషి అలాంటి గడప తొక్కగలడా?

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1919లో నాంపల్లి స్టేషన్ ఎదుట కట్టించిన సరాయి ఆ మనిషి కోసమే. మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరులో ఆగిపోయింది. ఆ శాంతికి గుర్తుగా దీనికి సుల్హ్ సరాయి అని పేరు పెట్టారు. గెలుపు పేరు చెప్పి విగ్రహమో విజయస్తంభమో నిలబెట్టకుండా, దారినపోయేవాళ్లు పడుకోవడానికి గదులు కట్టించడం నాకు చాలా గొప్పగా తోస్తుంది. మరుసటి ఏడే మూసీ ఒడ్డున హైకోర్టు కొత్త భవనం తెరిచారు. పల్లెజనానికి పట్నంతో పని పెరుగుతున్న కాలం అది.

ఆ తరువాత నిర్వహణ కొరవడింది. గోడలు నాని, ఒక భాగం కూలిపోయింది కూడా. 2018లో మెట్రో రైలు ఆ పక్కనే పరుగు మొదలుపెట్టింది. సరాయిని బాగుచేయాలన్న ప్రయత్నాలూ సాగుతూ వచ్చాయి. చక్కగా రంగులు వేసి, దుకాణాలకు ఇచ్చి ఊరుకుంటే నాకు సరిపోదు. కూతవేటు దూరంలోని రెడ్‌హిల్స్‌లోనే నీలోఫర్ పిల్లల దవాఖాన, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. జిల్లాల నుంచి రోగుల వెంట వచ్చి ఆరుబయట పడుకునే తల్లిదండ్రులకు అందులో కొన్ని గదులైనా తక్కువ అద్దెకు ఇవ్వాలి.