పచ్చిక మీద ఇద్దరు రాణులు

జూన్ నెలాఖరు వచ్చిందంటే చాలు, టెన్నిస్ అభిమానులున్న ఇళ్ళల్లో సాయంత్రాలు వేడెక్కుతాయి. లండనులో వింబుల్డన్ పోటీల కాలం అది. "పచ్చిక మీద ఫెదరర్‌ని మించినవాడు లేడు, 8 సార్లు గెలిచాడు" అని ఒకరంటారు. "అదే పచ్చిక మీద జొకోవిచ్ అతన్ని 3 ఫైనల్స్‌లో ఓడించాడు, దానికేమంటావు?" అని ఇంకొకరు. "మీరెవరూ బోర్గ్ ఆట చూళ్ళేదర్రా" అని మూలనుంచి పెద్దాయన నిట్టూరుస్తాడు. కాఫీ చల్లారిపోతుంది గాని వాదన చల్లారదు. మధ్యలో మనం ఏదైనా అడిగామా, "నీకు తెలీదులే" అనేస్తారు.

తెలియకపోవడానికి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదండీ. ఈ తగువు సగం ఆడేవాళ్ళ గురించి, సగం వాళ్ళ కాళ్ళ కింద ఉన్న నేల గురించి. రెండో సగాన్ని మరిచిపోయి వాదిస్తారు కాబట్టే అది ఏళ్ళ తరబడి తెగదు. ఈ సంగతి నాకు మగవాళ్ళ ఆటలో కంటే ఇద్దరు ఆడవాళ్ళ పోటీలో బాగా కనిపించింది. అందుకని వాళ్ళ కథే చెబుతాను.

ముందు నేల సంగతి. టెన్నిస్‌ని ముఖ్యంగా మూడు రకాల నేలల మీద ఆడతారు. సిమెంటులాగా ఉండే గట్టినేల ఒకటి, పారిస్‌లో ఉన్నట్టు ఇటుక పొడి పరిచిన ఎర్రమట్టి ఒకటి, పచ్చిక ఒకటి. నున్నటి గచ్చు మీద నిమ్మకాయ విసిరి చూడండి, సర్రున జారిపోతుంది. గరుకు నేల మీద విసిరితే కాస్త దూరం పోయి ఆగిపోతుంది. బంతి సంగతీ దాదాపు అంతే. ఎర్రమట్టి బంతిని కాస్త పట్టి ఉంచి, వేగం తగ్గించి, పైకి లేపుతుంది. వెనక నిలబడ్డ మనిషికి నింపాదిగా చూసి కొట్టే వ్యవధి దొరుకుతుంది. పచ్చిక అలా కాదు, అది జారుడు. బంతి వేగం పెద్దగా తగ్గకుండానే, ఎత్తు లేవకుండానే దూసుకొస్తుంది. పైగా రోజులు గడిచేకొద్దీ గడ్డి నలిగి, ఒకచోట మెత్తగా ఒకచోట గట్టిగా తయారై, బంతి ఎలా లేస్తుందో నమ్మకం ఉండదు.

మరి నమ్మకం లేని నేలతో వేగేదెలా? నేలతో పనే పెట్టుకోకుండా ఉంటే సరి. బంతిని ఎగరేసి కొట్టి ఆట మొదలుపెట్టడాన్ని సర్వ్ అంటారు కదా. ఆ సర్వ్ చేస్తూనే నెట్ దాకా పరుగెత్తి, అవతలి మనిషి తిప్పికొట్టిన బంతిని నేలకు తాకనివ్వకుండా గాలిలోనే కొట్టేస్తారు. అలా గాలిలో కొట్టడమే వాలీ. ఇది ఒక పద్ధతి. రెండోది, వెనక చివరి గీత దగ్గర, అంటే బేస్‌లైన్ దగ్గర పాతుకుపోయి, వచ్చిన ప్రతి బంతినీ తిప్పి పంపుతూ, అవతలివాళ్ళు తప్పు చేసేదాకా ఓపిక పట్టడం. అభిమానులు దెబ్బలాడుకునేదంతా ఈ రెంటిలో ఏది గొప్ప అనే.

క్రిస్ ఎవర్ట్ 1954లో అమెరికాలోని ఫ్లారిడాలో పుట్టింది. తండ్రి టెన్నిస్ నేర్పే మాస్టారు. ఆయన దగ్గరే మట్టి కోర్టుల మీద ఓనమాలు దిద్దుకుంది. చిన్నతనంలో రాకెట్‌ని ఒంటిచేత్తో ఆన్చలేక బ్యాక్‌హ్యాండ్ దెబ్బను రెండు చేతులతో కొట్టేది. చేతకాక పట్టిన ఆ పట్టే తర్వాత ఎందరో ఆడపిల్లలకు ఒరవడి అయింది. మట్టి మీద ఆమె 1973 నుంచి 1979 దాకా వరసగా 125 ఆటలు గెలిచింది. పారిస్ పోటీల్లో 7 సార్లు విజేత. వెనక నిలబడి, ముఖంలో ఏ భావమూ కనపడనీకుండా, గీతల పక్కన గీసినట్టు కొట్టేది.

మార్టినా నవ్రతిలోవా ఆమెకంటే రెండేళ్ళు చిన్న. పుట్టింది ప్రేగ్‌లో, అప్పటి చెకోస్లొవేకియాలో. 1975లో న్యూయార్కు పోటీలకు వెళ్ళి, ఇక తిరిగి వెళ్ళనని అమెరికాలో ఆశ్రయం కోరింది. అప్పటికి 18 ఏళ్ళ పిల్ల! అమ్మానాన్నల్ని వదులుకుని అంత పని చేయడం మాటలా చెప్పండి. ఆట కూడా ఆ తెగువలాంటిదే, సర్వ్ చేస్తూనే ముందుకు ఉరికేది. పైగా ఎడమచేతివాటం. ఎడమచేతివాళ్ళు కోసినట్టు కొట్టే సర్వ్, కుడిచేతి మనిషి బ్యాక్‌హ్యాండ్ వైపుకి వంకర తిరిగి కోర్టు బయటికి పోతుంది. పచ్చిక మీద అది జారి ఇంకా దూరం లాక్కుపోతుంది. ఎవర్ట్ బయటికి పరుగెత్తి ఎలాగో బంతిని అందుకునేసరికి మార్టినా నెట్ దగ్గర సిద్ధంగా ఉండేది.

1973 నుంచి 1988 దాకా ఈ ఇద్దరూ 80 సార్లు ఎదురుపడ్డారు. 43 మార్టినావి, 37 ఎవర్ట్‌వి. ఇది చూస్తే ఉజ్జీలే అనిపిస్తుంది. వింబుల్డన్ ఒక్కటీ తీసుకోండి. 9 సార్లు తలపడితే 7 మార్టినావి. అందులో 5 ఫైనల్స్, ఐదూ ఆమెవే. మొత్తం మీద మార్టినా అక్కడ 9 సార్లు సింగిల్స్ గెలిచింది. ఎవర్ట్ 10 ఫైనల్స్ దాకా వచ్చి 3 గెలిచింది.

అసలు రహస్యం 1985లో బయటపడింది. ఆ జూన్‌లో పారిస్ ఎర్రమట్టి మీద ఫైనల్‌లో ఎవర్ట్ 6-3, 6-7, 7-5తో మార్టినాని ఓడించింది. సరిగ్గా నాలుగు వారాల తర్వాత, వింబుల్డన్ పచ్చిక మీద ఫైనల్‌లో మార్టినా 4-6, 6-3, 6-2తో ఎవర్ట్‌ని ఓడించింది. నాలుగు వారాల్లో మనుషులు మారిపోతారా? చేతులు అవే, బుర్రలు అవే. మారింది నేల. "ఎవరు గొప్ప?" అని అడిగేవాళ్ళని "ఎక్కడ?" అని తిరిగి అడగాలి మరి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆ రోజుల్లో అభిమానులు, పత్రికలవాళ్ళు ఆటతో ఊరుకోలేదు. కోర్టులో చలించదని ఎవర్ట్‌ని "మంచు కన్య" అన్నారు. మార్టినా బరువులెత్తి, తిండి మార్చి, 1981 తర్వాత నాన్సీ లీబర్మన్ అనే బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి దగ్గర వ్యాయామం నేర్చి కండలు పెంచితే, మన భాషలో "మగరాయుడు" అన్న అర్థం వచ్చే మాటలన్నారు. ఒకామె నవ్వలేదని తప్పు, ఇంకొకామెకు బలముందని తప్పు! మగవాడు కదలకుండా ఆడితే గంభీరుడు, కండలు పెంచితే వీరుడు. మన ఇళ్ళల్లో ఆడపిల్ల నడక గురించీ, గొంతు గురించీ వినపడే మాటలే అక్కడా వినపడ్డాయంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. కాని ఆట పద్ధతి మీద వాదన అనుకున్నది, కొంత భాగం ఆడది ఎలా ఉండాలన్న వాదనే. ముందుకు ఉరికితే గడుసు, వెనక నిలబడితే అణకువ అన్నట్టు జమకట్టారు. ఎవర్ట్ ఆటలో అణకువ ఎక్కడుందండీ? మార్టినా చేతిలో వరసగా 13 ఆటలు ఓడిపోయి, తానూ బరువులెత్తి ఒంటిని గట్టిపరచుకుని, చెక్క రాకెట్ వదిలి గ్రాఫైట్ రాకెట్ పట్టి, 1985లోనూ 1986లోనూ పారిస్‌లో ఆమెనే ఓడించిన మనిషి ఆమె!

ఇక గడ్డి కథ. ఇది మన వినాయకుడి పూజలో పెట్టే గరిక కాదు, రై అనే చల్లని దేశాల గడ్డి. వింబుల్డన్‌లో ఒకప్పుడు 70 పాళ్ళు రై గడ్డి, 30 పాళ్ళు ఫెస్క్యూ అనే ఇంకో రకం కలిపి వేసేవారు. 2001 పోటీలనుంచి నూటికి నూరుపాళ్ళూ రై గడ్డే. ఎత్తు 8 మిల్లీమీటర్లు, పోటీల రోజుల్లో ప్రతిరోజూ కత్తిరిస్తారు. తొక్కుళ్ళకు ఎక్కువ రోజులు తట్టుకోవాలనే మార్చామని నిర్వాహకులు చెప్పారు. కాని గడ్డి కింది నేల గట్టిపడింది. గట్టి నేల మీద బంతి ఇదివరకటి కంటే పైకి, సమంగా లేస్తుంది. వెనక నిలబడ్డ వాళ్ళకు రెప్పపాటు వ్యవధి ఎక్కువ దొరికింది. ఆ ఆటలో రెప్పపాటంటే తక్కువేం కాదు. దానికి తోడు కొత్త రకం రాకెట్లు, పాలియెస్టర్ తీగలు వచ్చాయి. వాటితో బంతిని గిర్రున తిప్పుతూ ఎంత గట్టిగా కొట్టినా గీత లోపలే పడుతోంది. నెట్ దగ్గరికి ఉరికినవాళ్ళ పక్కనుంచి బంతిని దాటించడం సులువైంది. 2001 పురుషుల ఫైనల్ ఆడిన ఇవానిసెవిచ్, రాఫ్టర్ ఇద్దరూ నెట్ దగ్గరికి ఉరికేవాళ్ళే. మరుసటి ఏడు ఫైనల్ ఆడిన హ్యూయిట్, నల్బాందియన్ ఇద్దరూ వెనక నిలబడేవాళ్ళే.

ఈ మార్పుని చూడటానికి టెన్నిస్ తెలియనక్కర్లేదు. పెరట్లో బావిదాకా జనం నడిచే దారి ఎలా తెలుస్తుంది? అక్కడ గడ్డి ఉండదు. వింబుల్డన్‌లోనూ అంతే. పాత ఆటల ఫిల్ములు చూడండి. బేస్‌లైన్ నుంచి నెట్ దాకా గడ్డి అరిగిపోయి కాలిబాటలాగా కనిపిస్తుంది. అది నెట్ దగ్గరికి పరుగెత్తినవాళ్ళ దారి. ఈ రోజుల్లో రెండో వారంలో చూడండి, బేస్‌లైన్ వెంట అడ్డంగా మట్టి తేలి ఉంటుంది, నెట్ దగ్గర మాత్రం పచ్చగానే ఉంటుంది.

ఇంతవరకు విని, "అయితే పాత గడ్డి నెట్ వాళ్ళది, కొత్త గడ్డి వెనకవాళ్ళది, అంతేగా!" అంటారేమో. అంత తేలిగ్గా తెగితే ఇన్నేళ్ళు ఎందుకు దెబ్బలాడుకుంటారు? స్టెఫీ గ్రాఫ్ పాత గడ్డి మీదే, చాలావరకు వెనకనుంచి ఆడి, 7 సార్లు గెలిచింది. 1988 ఫైనల్‌లో 5-7, 6-2, 6-1తో మార్టినా వరస విజయాలకు అడ్డుకట్ట వేసింది ఆమే. కాకపోతే గ్రాఫ్ బ్యాక్‌హ్యాండ్‌ని కింద కోసి కొట్టేది. ఆ బంతి పచ్చిక మీద లేవనే లేవదు. నేల గుణాన్ని మార్టినా ఒకలా వాడుకుంటే ఈమె ఇంకోలా వాడుకుంది. అటు కొత్త గడ్డి వచ్చాక కూడా 2006లో మోరెస్మో నెట్ దగ్గరికి వెళ్ళి ఆడే గెలిచింది. నన్నడిగితే, "ఎవర్ట్ ఈనాటి గడ్డి మీద ఆడి ఉంటే ఇంకో మూడు నాలుగు గెలిచేది" అనేవాళ్ళ మాటలో కొంత నిజముంది. కాని మార్టినా ఆ గడ్డి మీద ఓడిపోయేదని అనలేను. 33 ఏళ్ళప్పుడు తొమ్మిదోసారి సింగిల్స్ గెలిచిన మనిషి ఆమె. 2003లో 46 ఏళ్ళ వయసులో, కొత్త గడ్డి మీదే, మన లియాండర్ పేస్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ కూడా గెలిచింది. దాంతో అన్ని విభాగాలూ కలిపి వింబుల్డన్‌లో ఆమె గెలుపులు 20 అయ్యాయి.

అభిమానులు సాధారణంగా మరిచిపోయే ముచ్చట ఒకటుంది. 1976లో వింబుల్డన్ మహిళల డబుల్స్ గెలిచిన జంట ఎవరనుకున్నారు? ఎవర్ట్, నవ్రతిలోవా! జంటగా ఆడేటప్పుడు నెట్ దగ్గర ఒకరూ, వెనక ఒకరూ ఉంటే రెండు విద్యలూ ఒకదానికొకటి అక్కరకొస్తాయి. వీటిలో ఏది గొప్పదన్న ప్రశ్న అక్కడ పుట్టదు.

దాదాపు 40 ఏళ్ళ తర్వాత మన హైదరాబాదు అమ్మాయి అదే విధంగా గెలిచింది. 2015లో సానియా మీర్జా, స్విట్జర్లాండుకు చెందిన మార్టినా హింగిస్‌తో జతకట్టింది. ఈ హింగిస్‌కి వాళ్ళమ్మ ఆ పేరు పెట్టింది నవ్రతిలోవా మీద అభిమానంతోనే. సానియాది వెనకనుంచి కొట్టే పదునైన ఫోర్‌హ్యాండ్, హింగిస్‌ది నెట్ దగ్గర నేర్పు. ఫైనల్‌లో రష్యా జంట మకరోవా, వెస్నినాలతో మొదటి సెట్ 5-7తో పోయింది. రెండోది టై బ్రేక్‌లో గెలిచారు. మూడో సెట్‌లో 2-5తో వెనకబడ్డారు, ఇంకొక్క గేమ్ పోతే అంతా పోయినట్టే. అక్కడినుంచి వరసగా 5 గేమ్‌లు గెలిచి 7-5తో ముగించారు. అంతవరకు మనదేశపు ఆడవాళ్ళెవరూ వింబుల్డన్‌లో మహిళల డబుల్స్ గెలిచి ఉండలేదు.