మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోందా? 40 దాటిన మహిళల్లో ఈ మతిమరుపు ఎందుకు.. ఏం చేయాలి?

"అదే.. దోశ తిరగేసేది.. ఇటివ్వు!" అట్లకాడ అనే మాట గుర్తురాదు. చిన్నోడిని పిలవబోతే తమ్ముడి పేరు వస్తుంది. ఆఫీసులో రోజూ వాడే పదమే సరిగ్గా మీటింగ్‌లో మాయమైపోతుంది.

40 దాటిన చాలామంది మహిళలకు ఇది తెలిసిన సంగతే. ఇంట్లోవాళ్లకు అదో జోక్. కానీ ఆమెకు మాత్రం లోలోపల భయం.. "నాకు అల్జీమర్స్ వస్తోందా?" అని. తప్పు మాట దొర్లుతుందేమోనని నలుగురిలో నోరు విప్పడమే మానేసేవాళ్లూ ఉన్నారు. నిజానికి పెరిమెనోపాజ్‌లో కనిపించే లక్షణాల్లో ఇదొకటి. దీన్నే బ్రెయిన్ ఫాగ్ అంటారు.

పెరిమెనోపాజ్ అంటే?

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్లు. దానికి ముందు తేదీలు అటూఇటూ అయ్యే దశే పెరిమెనోపాజ్. సగటున 4 ఏళ్లు ఉంటుంది, కొందరిలో ఇంకా ఎక్కువ. అమెరికాలో మెనోపాజ్ సగటు వయసు 51 అయితే, మన దేశంలో 46-47 మాత్రమే. అంటే ఇక్కడ 40ల మొదట్లోనే మార్పులు మొదలవ్వొచ్చు.

తెలుగు రాష్ట్రాల్లో ఇంకో కోణం ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం! ఆపరేషన్‌లో రెండు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. గర్భసంచి ఒక్కటే తీస్తే హార్మోన్లు వెంటనే ఆగవు కానీ, నెలసరి ఉండదు కాబట్టి ఈ దశ ఎప్పుడు మొదలైందో తెలియదు.

మాటలే ఎందుకు ఆగుతాయి?

జ్ఞాపకాలను చూసుకునే హిప్పోక్యాంపస్, ఆలోచనకు కీలకమైన మెదడు ముందు భాగం.. ఈ రెండింటిపైనా ఈస్ట్రోజెన్ ప్రభావం ఉంటుంది. ఆ హార్మోన్ ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ అవుతుంటే మెదడు సర్దుకోవడానికి టైమ్ పడుతుంది. దానికి తోడు రాత్రిళ్లు వేడి ఆవిర్లు, చెమటలు, తెగిపోయే నిద్ర. మాట పోలేదు, అది దొరకడం ఆలస్యమవుతోంది అంతే. అందుకే అరగంట తర్వాత దానంతటదే గుర్తొస్తుంది.

2009లో 'న్యూరాలజీ' జర్నల్‌లో వచ్చిన అమెరికా అధ్యయనంలో 2,362 మంది మహిళలను 4 ఏళ్లు గమనించారు. ఒకే తరహా పరీక్ష మళ్లీ మళ్లీ రాస్తే ఎవరికైనా స్కోరు కాస్త పెరుగుతుంది. పెరిమెనోపాజ్‌లో ఆ పెరుగుదల మందగించింది. మెనోపాజ్ తర్వాత మళ్లీ కనిపించింది!

డిమెన్షియాకి, దీనికి తేడా ఏంటి?

తాళాలు ఎక్కడ పెట్టారో మర్చిపోవడం ఫాగ్. తాళం దేనికి వాడతారో తెలియకపోవడం వేరే సంగతి. ఫాగ్‌ను ఎక్కువగా ఆమే ముందు గమనిస్తుంది. డిమెన్షియాలో చాలాసార్లు పక్కవాళ్లు గమనిస్తారు. తెలిసిన దారి తప్పడం, అడిగిందే అడగడం, డబ్బు లెక్కల్లో తడబడటం కనిపిస్తే డాక్టర్‌ను కలవాల్సిందే. 65 ఏళ్లలోపు డిమెన్షియా రావడం మాత్రం అరుదు.

ఏం చేయాలి?

* మాట కోసం పట్టుబట్టొద్దు. "దోశ తిరగేసేది" అని వర్ణించి ముందుకెళ్లండి. తెలుగు మాట రాకపోతే ఇంగ్లిష్ మాట వాడేయండి. తప్పేం లేదు.
* ఇంట్లో చెప్పండి. వాళ్లు నవ్వకుండా రెండు మూడు సెకన్లు ఆగితే చాలు, టెన్షన్ సగం తగ్గుతుంది. టెన్షన్ పెరిగేకొద్దీ మాట ఇంకా దూరమవుతుంది.
* మీటింగ్‌కు ముందు ముఖ్యమైన పాయింట్లు, పేర్లు కాగితంపై రాసుకోండి. మిగతావి ఫోన్‌లో రిమైండర్ పెట్టేయండి.
* స్టవ్ మీద పాలు పెట్టి ఫోన్ ఎత్తొద్దు. ఒకసారికి ఒకే పని.
* రోజూ ఒకే టైమ్‌కు నిద్ర, మధ్యాహ్నం తర్వాత కాఫీకి బ్రేక్, వారానికి 150 నిమిషాల వేగపు నడక.
* థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఐరన్, బీ12, షుగర్ పరీక్షల గురించి డాక్టర్‌ను అడగండి. ఈ వయసులో బ్లీడింగ్ ఎక్కువైతే ఐరన్ తగ్గుతుంది, శాకాహారుల్లో బీ12 లోపం మామూలే. వీటితోనూ ఇదే మతిమరుపు వస్తుంది, కానీ మందులతో తగ్గుతుంది.
* నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మందులు కూడా మందకొడిగా మారుస్తాయి. వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి.

హార్మోన్ మాత్రలు వేసుకోవచ్చా?

వేడి ఆవిర్లకు హార్మోన్ థెరపీ బాగా పనిచేస్తుంది. నిద్ర మెరుగైతే ఫాగ్ కూడా తగ్గొచ్చు. అయితే జ్ఞాపకశక్తి కోసమని మాత్రమే దీన్ని సిఫారసు చేయరు. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవారికి సాధారణంగా ఇవ్వరు. గైనకాలజిస్ట్ చూడకుండా సొంతంగా వాడొద్దు.

ఇలా అయితే మాత్రం ఆగొద్దు!

ఫాగ్ వచ్చిపోతుంటుంది. కానీ ఉన్నట్టుండి మాట పడిపోయినా, ముద్దగా వచ్చినా, మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా అది స్ట్రోక్ కావచ్చు. "వయసు వల్లేలే" అని పడుకోబెట్టొద్దు, వెంటనే 108కి కాల్ చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు ఉండే గడువు సాధారణంగా నాలుగున్నర గంటలే.